పెర్త్ – కొగ్గల విమానమార్గము

రెండు విమానాశ్రయముల నడుమ దూరమును పటముపై కొలిచి చెప్పవచ్చును. ప్రయాణకాలమును మాత్రము అట్లు చెప్పుటకు వీలులేదు. అది యంత్రశక్తితోపాటు ఆనాటి దేశకాల పరిస్థితులపైనను ఆధారపడి యుండును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆస్ట్రేలియాకును సింహళద్వీపమునకును మధ్య నడచిన విమానసర్వీసు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

1938 నుండి సిడ్నీకిని, ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవునకును నడుమ నీటిపై వ్రాలు పెద్ద విమానములు నడచుచుండెను. సింగపూరు, కలకత్తా, అలహాబాదు, గ్వాలియరు, కరాచీ త్రోవలోని మజిలీలు. ప్రయాణమునకు సుమారు తొమ్మిది దినములు పట్టెడిది. 1940లో ఇటలీ యుద్ధమున ప్రవేశించుటతో ఐరోపా వైపు దారి మూతపడెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశము కాగా ఆస్ట్రేలియా వైపు దారియు తెగిపోయెను.

ఆ లంకెను తిరిగి కలుపుటకు 1943లో క్వాంటాస్ సంస్థ కేటలీనా విమానములను నియోగించినది. అవి పెర్త్ నగరమందలి స్వాన్ నదిపై నుండి లేచి, సింహళమున గాలె పట్టణము చేరువనున్న కొగ్గల సరస్సున వ్రాలెడివి. మధ్య దూరము 3,513 మైళ్లు, అనగా 5,652 కిలోమీటర్లు. దారిలో మజిలీ లేదు. ఇంధనపు బరువు మిక్కిలి యగుటచే ముగ్గురు ప్రయాణికులకును, సుమారు 69 కిలోల టపాకును మాత్రమే చోటుండెను. గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగమున పోవుటచే ప్రయాణమునకు 27 గంటలు మొదలు 32 గంటల పైబడి పట్టెడిది. ప్రయాణికులు గాలిలోనే రెండు సూర్యోదయములను చూచెడివారు.

శత్రువు పసిగట్టకుండ రేడియో మౌనము పాటించి, నక్షత్రములను బట్టి దారి తెలిసికొనెడివారు. ఐదు విమానములకును నక్షత్రముల పేర్లే పెట్టిరి. వానిలో ఆల్టేర్, వేగా, అంటారెస్, స్పైకా అనునవి మన పంచాంగములోని శ్రవణము, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్తలే, ఐదవది రైగెల్.

ఈ లంకెకు మూల్యము చెల్లించినవారు వైమానికులు మాత్రమే కారు. కొగ్గల విమానస్థావరము కొఱకు అచటి గ్రామస్థులు ఇండ్లు విడిచిపోవలసి వచ్చెను. సింహళ రచయిత మార్టిన్ విక్రమసింఘె జన్మగృహము మాత్రము నిలిచి, నేడు ప్రదర్శనశాలలో భాగమై యున్నది.

1945 జూలైలో సర్వీసు ముగియునాటికి 271 పర్యాయములు సముద్రమును దాటిరి. ఒక్క విమానమైనను నష్టము కాలేదు. యుద్ధానంతరము అమెరికాతో గల ఒప్పందము ననుసరించి ఆ విమానములను సముద్రమున ముంచివేసిరి.

2018 మార్చిలో అదే పెర్త్ నుండి క్వాంటాస్ జెట్ విమానము ఎచటను ఆగక, దాదాపు 14,500 కిలోమీటర్లు పయనించి, సుమారు 17 గంటలలో లండను చేరెను. నేటి ప్రయాణికునకు అది సుదీర్ఘమని తోచవచ్చును. 1943లో అంతకు మిక్కిలి కాలము పయనించినవారు అందులో సగము దూరమైనను దాటలేదు. తెగిన దారిని మాత్రము నిలబెట్టిరి.