మొండిగోడల చోట గ్రంథాలయం

కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయ చరిత్రను జానమద్ది హనుమచ్ఛాస్త్రి జీవితం నుంచి విడదీసి చెప్పడం కష్టం. 1926లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టిన ఆయన ఉద్యోగం ఆంగ్ల బోధన. 1973లో ఏర్పడిన కడప జిల్లా రచయితల సంఘానికి ఆయనే ప్రాణం. ‘మా సీమ కవులు’ వంటి పుస్తకాలు రాశారు. కడప జనం మాత్రం ఆయనను బ్రౌన్ శాస్త్రిగానే గుర్తుపెట్టుకున్నారు.

ఆ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1829లో వేమన పద్యాలు 693 అచ్చు వేయించాడు. పదేళ్ల తర్వాతి ముద్రణలో అవి 1164 అయ్యాయి. కడపలో తోటతో కూడిన బంగళా కొని, అక్కడే పండితులను, లేఖకులను కూర్చోబెట్టాడు. ఊళ్ల నుంచి తెప్పించిన తాళపత్రాలకు నకళ్లు తీయించడం, ఒకే కావ్యం ప్రతులు నాలుగైదు పక్కపక్కన పెట్టి పాఠభేదాలు తేల్చడం, మేలైన పాఠాన్ని సాఫుగా రాయించడం వాళ్ల పని. జీతాలు బ్రౌన్ సొంత డబ్బులోంచే; అందుకు అప్పులూ చేశాడు. సేకరించిన ప్రతులు మద్రాసు చేరి, చివరికి అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి. ఆయన నిఘంటువు 1852లో వెలువడింది. 1884లో లండన్‌లో కన్నుమూశాడు.

కడప ఎర్రముక్కపల్లిలోని బంగళాను పట్టించుకున్నవారు లేరు. కాలక్రమంలో కూలి మొండిగోడలు మిగిలాయి. బ్రౌన్‌ను మళ్లీ తెలుగువారి ముందుకు తెచ్చినవారిలో బంగోరెగా పేరొందిన బండి గోపాలరెడ్డి ముఖ్యుడు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బ్రౌన్ ప్రాజెక్టు కింద ఆయన దొర రాతలనూ జాబులనూ వెలికితీశాడు. కాగితాల మీద ఆ పని తిరుపతిలో జరిగితే, నేల మీద పని కడపలో జానమద్ది చేతిలో పడింది.

శిథిలాలున్న చోటే గ్రంథాలయం కట్టాలన్నది ఆయన పట్టు. ఇంకెక్కడైనా కట్టి బ్రౌన్ పేరు పెట్టడం తేలిక. కానీ ఆ పండితులు కూర్చున్న నేల మీద కట్టడంలో ఉన్న న్యాయం వేరు. 1987లో శంకుస్థాపన జరిగింది. ఇటుకకు, సిమెంటుకు డబ్బు అడగడం, అధికారుల గదుల చుట్టూ తిరగడం పదవీ విరమణ చేసిన మాస్టారి దినచర్య అయింది. కడపలో ఆదరించే రాజులెవరూ లేరు, అడిగే మనిషి ఉన్నాడు. 1995లో గ్రంథాలయం తలుపులు తెరుచుకున్నాయి. పునాది రాయికీ ప్రారంభానికీ మధ్య ఎనిమిదేళ్లు పట్టడం ఇలాంటి పనులకు వింతేమీ కాదు.

గ్రంథాలయానికి పుస్తకాలు కూడబెట్టడం ఒక ఎత్తు, కాపాడడం మరో ఎత్తు. తాటాకు ప్రకృతి ఇచ్చిన కాగితమే గానీ తేమకూ పురుగుకూ సులువుగా లొంగుతుంది. ఆకుల మీద దుమ్ము తుడవడం, నిమ్మగడ్డి నూనె పట్టించి మెత్తబరచడం, గంటం గాట్లలో నల్లదనం తగ్గినచోట మసి రుద్ది అక్షరం కనిపించేలా చేయడం, పలకల మధ్య బిగించి గుడ్డలో చుట్టడం తాళపత్ర భాండాగారాల్లో పాతకాలం నుంచీ ఉన్న పనులు. కాగితం పుస్తకానికి ఇంత సేవ అక్కర్లేదు, అయినా చెదను మరిచిపోతే అదీ మిగలదు.

యోగివేమన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక గ్రంథాలయం దాని పరిధిలోకి వచ్చి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది. కర్నల్ కాలిన్ మెకంజీ రాయించిన కడప జిల్లా గ్రామ కైఫీయత్తుల, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల, ప్రచురణ ఈ సంస్థ చేసిన గట్టి పని. చెరువు, తోట, సరిహద్దు రాయి, గుడి మాన్యం వంటి వివరాల వల్ల అవి చరిత్రకారులకే కాదు, ఊళ్ల నీటివనరుల గతం వెదికేవారికీ పనికొస్తాయి. జానమద్ది ‘సి.పి. బ్రౌన్ చరిత్ర’ కూడా రాశారు. 2014లో ఆయన మరణించేనాటికి గ్రంథాలయం విశ్వవిద్యాలయ సంస్థగా నడుస్తోంది.