అలభ్యగ్రంథములును సంస్థాచరిత్రయు : యేల్ కళాశాల విషయము

ఒక విద్యాసంస్థ చరిత్రను పరిశీలింపబూనినవారు సాధారణముగా ఇటీవలి గ్రంథముతో ఆరంభించి, దానితోనే ముగింతురు. పునర్ముద్రణము లేక మరుగుపడిన పూర్వగ్రంథముల సారమంతయు క్రొత్తవానిలో చేరియే యున్నదని వారి తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. పూర్వగ్రంథము విషయమును తెలుపుటయే కాక, ఆ విషయము ఏ కాలమున, ఎవరిచే, ఏ ప్రయోజనమునకై కూర్పబడినదో కూడ తెలుపును. అమెరికాలోని యేల్ కళాశాల చరిత్ర ఇందులకు చక్కని నిదర్శనము.

కనెక్టికట్ వలసరాజ్యపు శాసనసభ 1701 అక్టోబరులో ఈ కళాశాలకు సనదు నొసగెను. దీని తొలిచరిత్రను రచించి న్యూ హేవెన్ నగరమున 1766లో ప్రకటించినవాడు థామస్ క్లాప్. ఆయన 1740 మొదలు 1766 వరకు ఆ కళాశాలకు అధిపతి. సనదు లభించుటకు పూర్వమే కొందరు క్రైస్తవమతాచార్యులు బ్రాన్‌ఫర్డు గ్రామమున కూడి, తలకొన్ని గ్రంథములను తెచ్చి బల్లపై నుంచి, కళాశాలా స్థాపనమునకై వీనిని ఇచ్చుచున్నామని పలికిరని ఆయన వ్రాసెను. ఆ గ్రంథములు పెద్దకైవారమువి, ఇంచుమించు నలుబది. గ్రంథదానముతో పుట్టిన కళాశాల యను నీ కథ మిక్కిలి మనోహరమైనది. తరువాతివారు పెక్కుమంది దీనిని యథాతథముగ గ్రహించిరి.

అయితే క్లాప్ గ్రంథము వెలువడుటకు మూడేండ్లు ముందు, 1763లో, కళాశాలను తనిఖీచేయుటకు అధికారులను నియమింపవలెనని కొందరు శాసనసభకు విన్నవించుకొనిరి. దానిని ఎదుర్కొని వాదించినవాడు క్లాప్. ఆంగ్లన్యాయమును బట్టి, తొలిదానముచే సంస్థను నెలకొల్పినవారికే దానిని తనిఖీచేయు హక్కు చెందును. సనదుకంటె ముందే మతాచార్యులు గ్రంథములను దానముచేసిరనినచో వారే స్థాపకులగుదురు. శాసనసభకు ఆ హక్కు లేకపోవును. కావున బల్లపై గ్రంథములుంచిన కథ సంప్రదాయము మాత్రమే కాదు. వివాదమున ఒక పక్షమువారి సాధనము కూడ. తరువాతి పరిశోధకులు దీనిని శంకించుటకు ఇదియొక హేతువు. ఫ్రాంక్లిన్ బౌడిచ్ డెక్స్టరు 1701 నుండి 1745 వరకు గల మూలపత్రములను సేకరించి 1916లో ప్రకటించెను. నేడు క్లాప్ మాటలను ఆ పత్రములతో సరిచూచుకొనవలసియున్నది. కథ కేవలము కల్పితమని దీనివలన తేలదు. అది మనకు ఏ త్రోవను వచ్చినదో మాత్రము తేలును.

ఇంతమాత్రమున క్లాప్ గ్రంథము త్యాజ్యము కాదు. కళాశాల సేబ్రూక్ గ్రామమునుండి న్యూ హేవెన్‌కు మారినపుడు, 1718లో గ్రంథములను తరలింపవచ్చినవారిని స్థానికులు అడ్డగించిరి. బండ్లు పాడుచేయబడెను, వంతెనలు విరువబడెను. ఆ కలతలో ఇంచుమించు 250 గ్రంథములును, కొన్ని ముఖ్యపత్రములును మాయమయ్యెనని తెలిపినవాడు క్లాపే. తొలినాటి పత్రములు ఏల కొరవడినవో ఆయన గ్రంథమే చెప్పుచున్నది. తన కథకు సాక్ష్యము కాదగిన పత్రముల నాశమును కూడ ఆయనయే మనకు వినిపించినాడు.

ఇక కళాశాలకు పేరిచ్చిన ఎలిహూ యేల్ విషయము. ఈతడు 1687 మొదలు 1692 వరకు చెన్నపట్టణమునందలి సెంట్ జార్జి కోటకు అధ్యక్షుడు. 1718లో ఈతడు తొమ్మిది మూటల సరకులను, 417 గ్రంథములను, మొదటి జార్జి రాజు చిత్తరువును పంపెను. సరకులమ్మగా సుమారు 562 పౌనులు వచ్చెను. కళాశాల ఆతని పేరు దాల్చెను. కళాశాలవారి పాతచరిత్రలలో ఆతడు ప్రధానముగా దాత. ఆ ధనము ఆర్జింపబడిన తీరు తెలియవలెనన్నచో మరియొక అలభ్యగ్రంథమాలను తెరువవలెను. అది చెన్నపట్టణ ప్రభుత్వ ముద్రణాలయము ఇరువదవ శతాబ్ది తొలిభాగమున అచ్చొత్తిన కోట దినచర్య, సభాచర్యల సంపుటములు. ఓడలపై బానిసల నెగుమతిచేయుటనుగూర్చిన తీర్మానములు ఆ చర్యలలో కలవు. ఆ సభలో యేల్ మొదట సభ్యుడు, పిదప అధ్యక్షుడు. యేల్ విశ్వవిద్యాలయము తనకు బానిసత్వముతో గల సంబంధమును పరిశోధింపజేయగా, డేవిడ్ బ్లైట్ రచించిన గ్రంథము 2024లో వెలువడినది. ఆ యేడే విశ్వవిద్యాలయము బహిరంగముగ క్షమాపణ చెప్పినది.

మచిలీపట్టణము, విశాఖపట్టణములలోని కంపెనీ వర్తకస్థానములు ఆ కాలమున ఈ కోట యధికారమునకు లోబడియుండెను. కావున ఆ సంపుటములు తెలుగుదేశ చరిత్రకును ఆధారములే. వానిని మన చరిత్రకై చదువు పరిశోధకుడు అమెరికా కళాశాలయొక్క చరిత్రను సైతము సరిదిద్దగలడు. పాతగ్రంథమును చేపట్టునపుడు రచయిత ఏ పదవియందుండి వ్రాసెనో, ఆనాడు ఏ వివాదము నడచుచుండెనో మొదట విచారింపవలెను. ఆతడు చెప్పక విడిచినది ఏ దేశపు పత్రములలో నున్నదో పిదప వెదకవలెను. ముఖపత్రముపైనున్న సంవత్సరమే పెక్కుమారులు ఈ విచారణకు తొలిమెట్టు.