కారంపూడి రణక్షేత్రం, వీరుల గుడి

పల్నాడు జిల్లా కారంపూడిలో నాగులేటి ఒడ్డున పల్నాటి యుద్ధం జరిగిన చోటు ఉంది. 12వ శతాబ్ది చివర, 1182 ప్రాంతంలో, గురజాల నేలిన నలగామరాజు, మాచర్ల నేలిన మలిదేవరాజు ఇక్కడ తలపడ్డారు. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు. నలగామరాజుకు నాయకురాలు నాగమ్మ, మలిదేవరాజుకు బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు షరతు ప్రకారం రాజ్యం విడిచి ఏడేళ్లు వలస వెళ్లారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి వచ్చిన రాయబారి అలరాజు విషప్రయోగానికి బలికావడంతో పోరు తప్పలేదు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఈ రణంలోనే నేలకొరిగాడు.

యుద్ధానికి గుర్తు వీరుల గుడి. ఇక్కడ పూజలందుకునేవి కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు. రాజుల పేర్లకన్నా ఈ ఇనుమే జనానికి దగ్గర. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఊళ్ల నుంచి ఆచారవంతులు కొణతాలు మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు ఆ రోజుల పేర్లు. మందపోరు నాడు కులభేదం లేకుండా ఒకే చాపపై అన్నం కలిపి తింటారు. బ్రహ్మనాయుడు నెలకొల్పాడని చెప్పే ఈ చాపకూడే, నా దృష్టిలో, ఆ యుద్ధానికి అన్నిటికన్నా గొప్ప స్మారకం.