ఇ.సి. వెతుకులాట: ఇండెక్సు పుస్తకం నుండి ఎస్.క్యు.ఎల్. వరకు

స్థలం గాని, పొలం గాని కొనేవారు ముందుగా అడిగేది ఇ.సి. అందులో ఒక్క తనఖా నమోదు తప్పిపోయినా కొన్నవారి కష్టార్జితం కోర్టుల పాలవుతుంది. సబ్-రిజిస్ట్రారు కార్యాలయాలలో ఈ వెతుకులాట ఎంత బాధ్యత గల పనో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్సు-1లో దస్తావేజు వ్రాసి ఇచ్చినవారి, వ్రాయించుకొన్నవారి పేర్లు, ఇండెక్సు-2లో ఆస్తి వివరాలు ఉంటాయి. గుమాస్తా ఏడాది వారీగా పుస్తకం తీసి, గ్రామం చూసి, సర్వే నంబరు సరిచూసి, దొరికినది వ్రాసుకొని తరువాతి పుటకు పోయేవాడు. తొలినాటి కంప్యూటరు ప్రోగ్రాములు కూడా ఇదే పద్ధతిలో నడిచాయి. ఫైలు తెరువు, రికార్డు చదువు, పోల్చి చూడు, తరువాతి దానికి పో అని కోబాల్ వంటి భాషలలో అడుగడుగునా చెప్పవలసి వచ్చేది. ఫైలు అమరిక మారితే ప్రోగ్రామును కూడా తిరగవ్రాయవలసిందే.

1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసే ఇ.ఎఫ్.కాడ్, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని ప్రకటించారు. దాని ఆధారంగా అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ 1974లో సీక్వెల్ అనే భాషను రూపొందించారు. అదే తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ దీనిని ఆమోదించింది. ఇందులో వెతికే దారి చెప్పనక్కరలేదు. 'ఈ గ్రామంలో, ఈ సర్వే నంబరుపై, ఈ తేదీల మధ్య నమోదైన దస్తావేజులన్నీ కావాలి' అంటే చాలు. దారి ఎంచుకొనే పని డేటాబేసుది. రేపు కొత్త ఇండెక్సు చేర్చినా ప్రశ్న మారదు, జవాబు త్వరగా వస్తుంది. ప్రశ్న చిన్నది గనుక తప్పొప్పులు మరొకరు చదివి సరిచూడగలరు.

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరు 4న 214 కార్యాలయాలలో 'కార్డ్' పథకం ఆరంభమైనది. సరిగ్గా 18 రోజులకు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభోత్సవం జరిగినది. హైటెక్ సిటీ ఉద్యోగాల కోసం యువకులు అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకొంటున్న కాలమది. రోజులు పట్టే ఇ.సి. నిమిషాలలో చేతికి రాసాగింది.

అయితే యంత్రం అడిగినదే వెతుకుతుంది, ఎక్కించినదే చూపుతుంది. 112, 112/అ, 112/1 దానికి మూడు వేరువేరు మాటలు. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరులు ఇద్దరు మనుషులు. అనుభవం గల గుమాస్తా ఒక్క చూపులో పట్టే ఈ తేడాలను ప్రశ్నలోనే వ్రాసిపెట్టాలి. పుటలు తిప్పే శ్రమ తప్పినది గాని, రికార్డు తెలిసినవారి అవసరం తప్పలేదు.

కనుక సభ్యుల పిల్లలు ఇ.సి. తీయించేటప్పుడు పాత సర్వే నంబరు, ఉపవిభాగాలు, పూర్వ యజమానుల పేర్లు కూడా ఇచ్చి వెతికించవలసినదిగా మనం చెప్పాలి.