బందరు బడిలో ఎవరికి చోటు? – నోబుల్ పాఠశాల విద్యార్థి జీవితం (1843–1865)

ఆంధ్ర దేశపు సంఘ చరిత్రలో మచిలీపట్నానికి ప్రత్యేక స్థానమున్నది. కుతుబ్‌షాహీల కాలంలో ఈ పట్టణం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఆంగ్లేయులు 1611లో ఇక్కడికి వర్తకానికి వచ్చారు. వారికంటె కొద్ది సంవత్సరాల ముందే డచ్చివారు వచ్చియున్నారు. గోల్కొండకు పడమట నున్న షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలకు సముద్రం ఎంత దూరమైనా, ఆ రాజ్యానికి సముద్ర ద్వారం బందరే. ఆ రేవు పట్టణంలో వెలసిన ఒక పాఠశాల చరిత్రను మనం సాధారణంగా దాని స్థాపకుని జీవితం ద్వారా చదువుతాము. ఈ వ్యాసంలో దానిని విద్యార్థుల వైపు నుండి పరిశీలిద్దాము.

1. పాఠశాల ప్రారంభం

చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. ఫాక్స్ గ్రామాలలోను తీర్థస్థలాలలోను సువార్త ప్రకటించడానికి పూనుకొనగా, నోబుల్ పట్టణంలోనే ఉండి తెలుగు నేర్చుకొని, 1843లో ఆంగ్ల పాఠశాల తెరిచాడు. ఫాక్స్ 1848లో మరణించాడు. నోబుల్ మాత్రం అవివాహితుడుగానే ఉండి, ఒక్కసారియైనా స్వదేశం వెళ్లకుండ 24 సంవత్సరాలు అక్కడే పనిచేశాడు.

ఈ బడికి కుమారులను పంపిన తలిదండ్రులు మత బోధ కోసం పంపలేదు. ఆంగ్ల విద్య గలవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యమిస్తామని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించాడు. బందరు కోర్టు కచేరీలలో కొలువు సంపాదించాలంటే ఆ భాష కావాలి. నోబుల్ ఉద్దేశం వేరు: అన్ని పాఠాలతో పాటు బైబిలు పాఠం తప్పనిసరి. కనుక విద్యార్థి ప్రతి దినం రెండు లోకాల మధ్య నడిచేవాడు. పగలు బడిలో సువార్త పఠనం, సాయంకాలం ఇంటిలో సంధ్యావందనం. ఒకచోట నేర్చినదాన్ని మరొకచోట మాట్లాడకపోవడమే అతడు మొదట నేర్చుకొన్న పాఠమని చెప్పవచ్చును.

2. 1852 – ఇద్దరు విద్యార్థులు

ఆ మౌనం 1852లో భంగమైంది. బ్రాహ్మణుడైన మంచాల రత్నం, వెలమ కులస్థుడైన అయినాల భూషణం బాప్తిస్మం కోరి నోబుల్ ఇంటిలో ఆశ్రయం పొందారు. పట్టణం అల్లకల్లోలమైంది, బంధువులు వచ్చి విలపించారు, తలిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి ఖాళీ అయింది.

ఈ నిర్ణయపు వెలను నేటి పాఠకుడు సరిగా అంచనా వేయాలి. మతం మార్చుకొన్న కారణంగా వారసత్వపు హక్కు పోదని 1850 నాటి చట్టం చెప్పింది. అయితే ఆస్తిని కాపాడగల చట్టం తల్లి వంటింటిలోని చోటును కాపాడలేదు. కులం వెలివేస్తే పంక్తి భోజనం లేదు, పెండ్లి సంబంధం లేదు, చావుకు మోసేవారు లేరు. దానిని ఎరిగియే ఆ యువకులు అడుగు వేశారు. పాఠశాల కొంత కాలానికి కోలుకొన్నది. రత్నం, భూషణం 1864లో గురువులుగా అభిషేకం పొందారు. అదే బడిలో చదివిన మహమ్మదీయ విద్యార్థి జానీ ఆలీ తరువాత కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, కలకత్తాలో మిషనరీగా సేవచేశాడు.

3. బెంచీ మీద లేనివారు

ఇంతవరకు చెప్పిన చరిత్ర మనకు సంతోషకరమైనదే. అయితే నోబుల్ తన పాఠశాలలో మాల, మాదిగ బాలురను చేర్చుకోలేదు. అగ్రవర్ణాలవారు ముందుగా మారితే మిగిలిన సమాజం వారిని అనుసరిస్తుందని ఆయన తలంచాడు. వేర్వేరు అంతస్తుల పిల్లలను ఒకే బెంచీ మీద కూర్చుండబెట్టాలని క్రైస్తవ విశ్వాసం కోరదని ఆయన వాదం. ఈ పద్ధతిని ఆనాటి మిషనరీలలోనే కొందరు ఆక్షేపించారు.

చరిత్ర ఆయన అంచనా ప్రకారం నడవలేదు. 1859లో రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పాగోలు వెంకయ్య, బెజవాడలో పనిచేస్తున్న డార్లింగ్ ద్వారా బాప్తిస్మం పొందాడు. అతని వెనుక కుటుంబాలు, పల్లెలు కదిలాయి. తెలుగు సంఘం బందరు తరగతి గది నుండి పల్లెకు దిగిరాలేదు, పల్లెలోనే పుట్టి పెరిగింది. బడిలో చోటు దొరకనివారే సంఘానికి పునాది అయ్యారు. గలతీయులకు వ్రాసిన పత్రిక 3:28ని బోధించిన బడిలో ఆ వచనానికి బెంచీ మీద మాత్రం స్థలం దొరకలేదు.

4. 1864 ఉప్పెన

1864 నవంబరు 1 రాత్రి తుపానుతో సముద్రం బందరు మీదికి వచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. శ్రీమతి షార్కీ నడిపిన బాలికల వసతి పాఠశాల కూలి అనేకమంది బాలికలు నీట మునిగి మరణించారు. రత్నం, భూషణం పేర్లు మనకు తెలుసు. ఈ బాలికల పేర్లు మనం ఎక్కడా చెప్పుకోము. విద్యార్థి చరిత్ర అంటే పేరు నిలిచినవారి చరిత్ర మాత్రమే కాదని ఈ సంఘటన గుర్తుచేస్తుంది. మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరులో, నోబుల్ మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఆయన పాఠశాల తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగింది.

ఆ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసిన రఘుపతి వేంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజికుడు. అనంతరం కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఆయన దళిత విద్యార్థులను ఆదరించాడు, స్త్రీలకు ప్రవేశం కల్పించాడు. స్థాపకుడు మూసియుంచిన తలుపును క్రైస్తవుడు కాని వ్యక్తి మరొకచోట తెరవడం మనం ఆలోచించదగిన విషయం.

5. నేటి సంఘానికి

పై చరిత్రను బట్టి రెండు మాటలు చెప్పవచ్చును. మొదటిది, నోబుల్ త్యాగాన్ని గౌరవిస్తూనే ఆయన పద్ధతిని విమర్శించవచ్చును. నిజానికి రెండూ చేయకపోతే అది చరిత్ర కాదు, స్తుతి మాత్రమే. రెండవది, క్రైస్తవ విద్యాసంస్థ విలువను బాప్తిస్మాల లెక్కతో గాని, పట్టాల లెక్కతో గాని నిర్ణయించలేము. ఎవరు లోపల ఉన్నారన్నదానితో పాటు ఎవరు వెలుపల నిలిచారన్నది కూడ లెక్కలోనికి రావాలి.

నేడు మొయినాబాద్, చేవెళ్ల దారి వెంబడి ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. షాబాద్ వంటి మండలాల్లోని సంఘాల కాపరులు తమ విశ్వాసుల ఇండ్లలో రెండు రకాల పిల్లలను చూస్తారు: కళాశాల బస్సు ఎక్కేవారు, ఆ బస్సు వెళ్లిన తరువాత పొలానికి వెళ్లేవారు. ఆదివారం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు. మిగిలిన ఆరు దినాలు ఆ రెండవ బిడ్డ చదువు గురించి సంఘం ఏమి చేస్తున్నది? బందరు బడి మన యెదుట ఉంచిన ప్రశ్న ఇదే.