కొర్రమట్ట ఊపిరి

నీటిలో మునిగి చచ్చే చేప ఉంటుందా? ఉన్నది. మన చెరువుల్లోనే ఉన్నది. తెలంగాణ పల్లెలు కొర్రమట్ట అని పిలుచుకునే కొర్రమీను, పైకి వచ్చి గాలి అందుకునే దారి మూసుకుపోతే నిండు చెరువులోనైనా ఊపిరాడక మరణిస్తుంది. అదే చేప నీరింకిన కుంటలో, తడి ఆరని బురదలో ఒదిగి వాన కోసం ఎదురుచూడగలదు. కొన్ని చేపలకు ప్రాణవాయువే అక్కర లేదన్న మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి ఈ వైరుధ్యం మంచి ఆరంభం.

అందుకు నారాయణఖేడ్ తగిన చోటు. 1956 వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో చేరింది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలగలిసిన నేల. మన కొర్రమట్ట మరాఠీలో మరళ్. ఆంగ్లేయుల ‘మరెల్’ దానికి దగ్గరి చుట్టం. మంజీర దాపునే పారుతున్నా, ఊళ్ళ కుంటలు చాలావరకు వానను నమ్ముకున్నవే. ఎండలు ముదిరితే నీరు తగ్గుతుంది, వేడెక్కుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు నీరు పట్టుకోగల ప్రాణవాయువు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. లీటరు గాలిలో దానికి ముప్ఫై రెట్లకు పైగా ఉంటుంది. ఉన్న ఆ కాస్తను కూడా కుళ్ళుతున్న ఆకులు, నాచు హరిస్తాయి. బొచ్చె, రోహు వంటివి నోళ్ళు తెరిచి తేలేది అప్పుడే.

కొర్రమట్ట తలలో, మొప్పలకు పైన, ఒక గది ఉన్నది. దాని గోడలు ముడతలు పడి సన్నని రక్తనాళాలతో నిండి ఉంటాయి. చేప పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగితే ఆ గది ఊపిరితిత్తి పని చేస్తుంది. మార్పు చేపకు అదే చోట చెట్టుకొమ్మల్లా చీలిన అవయవం ఉన్నది. నీరు ఇంకినప్పుడు కొర్రమట్ట బురదలోకి దిగి, చర్మమూ ఆ గదీ తడిగా ఉన్నంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. తొలకరికి ఎండిన కుంటలో చేపలు కనబడితే వానతో పాటు ఆకాశం నుండి రాలాయని అనుకునేవారు. కొన్ని చోట్ల అవి కాళ్ళ కింది నుండే వచ్చి ఉంటాయి.

ఈ సంగతి గ్రంథాలకెక్కిన వరుస ఆసక్తికరమైనది. తరంగంబాడిలోని డేనిష్ సైనికాధికారి డాల్డార్ఫ్, 1791 నవంబరులో ఒక చేపను నీటికి ఐదడుగుల ఎత్తున తాటిచెట్టు మీద పట్టానని వ్రాశాడు. 1797లో అది అచ్చయింది. పండితులు చాలాకాలం వాదులాడుకున్నారు. తమిళులు మాత్రం ఆ చేపను ఎన్నడో ‘పనైయేరి’ అన్నారు, అంటే తాటిచెట్టు ఎక్కేది అని. విశాఖపట్టణంలో ఉండి చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్, 1803లో రెండు వందల చేపల బొమ్మలతో గ్రంథం వెలువరించాడు. చేపలకు స్థానికంగా పలికే పేర్లనే ఆయన అందులో ఉంచాడు. ‘కొరమట్ట’ అలా అచ్చుకెక్కింది. 1831లో కువియే దానినే లాటిను పేరుగా మలిచి ‘కోరమోట’ అన్నాడు. అయితే ఆ జాతికి హామిల్టన్ 1822లోనే ‘గచువా’ అని నామకరణం చేసి ఉన్నందున, ముందు పెట్టిన పేరే నిలవాలన్న నియమం ప్రకారం మన మాట పర్యాయపదాల పట్టికలో మిగిలిపోయింది. తరువాత మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే, ఈ కుటుంబపు చేపలను పైకి రానీయకుండా ఆపితే చనిపోతాయని ప్రయోగాలతో చూపాడు.

అంటే కొర్రమట్ట ప్రాణవాయువు లేకుండా బ్రతకడం లేదు. నీరు ఇవ్వనిదానిని గాలి నుండి తెచ్చుకుంటున్నది. నిజంగా అది లేకుండా బ్రతికే చేప వేరే ఉన్నది. ఉత్తర ఐరోపాలో మంచు కప్పిన మడుగుల్లో క్రూషియన్ కార్ప్ నెలల తరబడి ప్రాణవాయువు లేకుండానే గడుపుతుంది. శరీరంలో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని సారాయిగా మార్చి మొప్పల గుండా వదిలేస్తుంది. అందుకు తోడ్పడే ఎంజైము గుట్టును 2017లో శాస్త్రవేత్తలు విప్పారు. దాని చుట్టమైన బంగారు చేపకూ ఈ విద్య వచ్చును. కాని అది చలినీటి విద్య. ఒంట్లో జీవక్రియ మందగిస్తేనే చెల్లుతుంది. మన వేసవి కుంటకు అది పనికిరాదు.

ఈ ఊపిరి వల్లనే కొర్రమట్ట కొద్దిపాటి నీటిలో సజీవంగా అంగడికి చేరగలదు. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికిచ్చే మందు బ్రతికున్న కొర్రమీను పిల్ల నోటనే మింగిస్తారు. ఆ మందుకు శాస్త్రీయ నిరూపణ లేదు. కాని ఊపిరి అందని మనిషి, గాలి పీల్చే చేపను ఆశ్రయించడం ఆలోచింపజేసే సంగతి.

2016లో తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ యేడే చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలయింది. వదిలినవి ప్రధానంగా బొచ్చె, రోహు, మృగాల. వాటిని పెంచేవారికి కొర్రమట్ట పిల్లలను మింగే శత్రువు, ముందుగా ఏరివేయవలసినది. ఇక 2015లో మొదలయిన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. పూడిక తీయడం పొలానికీ చెరువుకూ మేలే. అయితే తీసేది వేసవిలో. వేసవిలో ఆ బురదలో ఎవరు తలదాచుకుంటారో పై మాటల్లోనే ఉన్నది.

కరవును తట్టుకోగల చేపను చూసి దానికేమీ కాదులే అనుకోవడం సులువు. దాని బలమంతా రెండిటి మీద నిలబడినది: పైన అందే గాలి, కింద ఆరని బురద. చెరువు బాగుచేసేటప్పుడు ఒక మూల లోతట్టు మడుగును ముట్టకుండా వదిలితే చాలు, రెండూ దక్కుతాయి. రాష్ట్ర చేప అన్న బిరుదు కన్న కొర్రమట్టకు ఆ మూల ఎక్కువ ఉపయోగం.