వేలికొసల వైద్యం: పాతదెంత? కొత్తదెంత?

చైనాలో బడికి వెళ్లిన వాళ్లెవరినైనా అడిగి చూడండి, ఆ సంగీతం ఇప్పటికీ చెవిలో ఉందంటారు. తరగతుల మధ్య స్పీకర్ మోగుతుంది. పిల్లలంతా పుస్తకాలు పక్కకు జరిపి, మోచేతులు బల్లకు ఆనించి కళ్లు మూసుకుంటారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా గొంతు లెక్క పెడుతుంటే, ముందుగా బొటనవేళ్లతో కనుబొమల లోపలి కొసల కింద రుద్దుతారు. తర్వాత కంటి కొలికి దగ్గర, ముక్కుదూలానికి రెండు పక్కలా నొక్కుతారు. అక్కణ్నుంచి చూపుడువేళ్లు చెంప ఎముక మీదికి దిగుతాయి. చివరికి బొటనవేళ్లు కణతల మీద నిలిపి, మడిచిన చూపుడువేళ్లతో కంటిగుంతల అంచుల్ని రాస్తారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మళ్లీ లెక్కల పాఠం.

బీజింగ్ వైద్య కళాశాలలో పనిచేసిన ల్యూ షిమింగ్ ఈ కంటి వ్యాయామాన్ని రూపొందించారు. 1963లో రాజధాని బడుల్లో మొదలై తర్వాత దేశమంతా పాకింది. విప్లవం కోసం కంటిచూపు కాపాడుకోవాలన్న పిలుపుతో రికార్డు మొదలయ్యే రోజులవి. కోట్లమంది పిల్లలు ఆక్యుప్రెషర్‌లో ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. సూది అక్కర్లేదు, మందు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

చైనా వైద్యమనగానే మనకు కొండగుహలు, తెల్లగడ్డాల మునులు గుర్తొస్తారు. ప్యాకెట్ల మీద 'ఐదు వేల ఏళ్ల రహస్యం' అని అచ్చేసేవాళ్లకు ఆ బొమ్మ బాగా పనికొస్తుంది కూడా. కానీ ఇంట్లో కూర్చుని నేర్చుకునే రూపంలో ఇప్పుడు లోకమంతా తిరుగుతున్న ఈ విద్య చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో, డాక్టర్లు చాలక ప్రభుత్వం పడిన పాట్లలోంచి పుట్టింది.

మూలాలు పాతవే, కాదనలేం. హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా శివార్లలో, క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌దుయ్ సమాధిని 1973లో తవ్వితే ఒక పట్టుగుడ్డ దొరికింది. దాని మీద 44 మంది వంగుతూ, సాగుతూ, చేతులు చాపుతూ వ్యాయామం చేస్తుంటారు. అందులో ఆడవాళ్లున్నారు, మగవాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు. అక్కడే దొరికిన వైద్య రాతల్లో ఒంట్లోని నాళాల దారులు వర్ణించి ఉన్నాయి. ఆ దారుల వెంట వేలితో నొక్కాల్సిన, సూది గుచ్చాల్సిన బిందువుల ఊసు మాత్రం లేదు. అవి తర్వాతి శతాబ్దాల్లో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

1027 నాటికి అవి ఎంత పెరిగాయంటే, వాటిని నేర్పడానికి సోంగ్ చక్రవర్తి ఆస్థానంలో వాంగ్ వెయ్‌యీ రెండు నిలువెత్తు కంచు మనుషుల్ని పోత పోయించాడు. ఒంటినిండా సన్నని రంధ్రాలు. పరీక్ష రోజున బొమ్మకు పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారట. సూది సరైన చోట దిగితే నీళ్లు కారేవి. దిగకపోతే విద్యార్థి తప్పినట్టే! ఇంత కచ్చితంగా, ఇంత నిర్దాక్షిణ్యంగా మార్కులేసే పరీక్ష వైద్యవిద్యలో మరొకటి ఉంటుందా అనిపిస్తుంది.

ఆ తర్వాత ఈ వైద్యానికి మర్యాద తగ్గుతూ వచ్చింది. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి సూదివైద్యాన్ని రాజవైద్యశాల చదువుల్లోంచి తీసేయించాడు. 1929లో కొత్త గణతంత్ర ప్రభుత్వం ముందుకు పాత వైద్యాన్నే మొత్తంగా రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మార్చి 17న దేశం నలుమూలల నుంచి వైద్యులు, మూలికల వ్యాపారులు షాంఘైలో గుమిగూడి గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అది అటకెక్కింది.

కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేసరికి గ్రామాల్లో డాక్టరన్నవాడే లేడు. ఉన్నదాంతోనే సర్దుకోవాలి. 1951లో జూ ల్యాన్ అనే వైద్యురాలు సూదివైద్యానికి ఆధునిక శరీరశాస్త్రం జోడించి పాఠ్యపుస్తకం రాశారు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు తెరిచారు. ఒక్కో గురువు ఒక్కో తీరుగా చెప్పే విద్యను సిలబస్‌కు కుదించింది ఈ కాలమే. 1965 జూన్ 26న మావో, ఆరోగ్యశాఖ పట్నం దొరల సేవలోనే ఉందంటూ మండిపడ్డారు. ఆ కోపం ఫలితంగానే రైతు కుటుంబాల యువతకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి 'చెప్పుల్లేని డాక్టర్లు'గా ఊళ్లకు పంపారు. వాళ్లు సగం రోజు పొలంలో ఉండేవారు. భుజాన సంచిలో సూదులు, టీకాలు, మాత్రలు, ఎండిన మూలికలు. వాళ్ల కోసం 1970లో హునాన్‌లో వెలువడిన కరదీపికను 1974లో అమెరికా ప్రభుత్వమే ఆంగ్లంలోకి అనువదింపజేసింది.

అప్పటికే అమెరికాకు చైనా మోజు పట్టుకుంది. దానికి కారణం ఒక అపెండిక్స్. 1971 జులైలో బీజింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు అక్కడే ఆపరేషన్ జరిగింది. సూదులు గుచ్చి, మత్తు లేకుండానే కోసేశారని తర్వాత కథలు అల్లుకున్నాయి. నిజానికి ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. సూదులు వాడింది తర్వాత, కడుపు ఉబ్బరం, నొప్పి తగ్గించడానికి. రెస్టన్ ఉన్నదున్నట్టే రాశారు. చదివినవాళ్లే పెంచారు.

మన దేశానికి ఈ విద్య వేరే దారిన వచ్చింది. 1938లో చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యుల్లో షోలాపూర్ వాసి ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన సహచరుడు బిజోయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇంతకీ సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేదేమిటి? ముందు కొలత తెలియాలి. చైనా వైద్యంలో దూరాన్ని 'త్సున్' అంటారు. అది అంగుళాల లెక్క కాదు. మన బొటనవేలి వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు కలిపితే మూడు. అంటే మన పెద్దలు చెప్పే బెత్తెడే! పిల్లవాడికి పిల్లవాడి బెత్తెడు, పెద్దవాడికి పెద్దవాడి బెత్తెడు. ఆ లెక్కన మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు స్నాయువుల నడుమ 'నేయ్‌గ్వాన్' ఉంటుంది. వికారానికి నొక్కే చోటు అది. 1980ల్లో బెల్ఫాస్ట్‌లో మత్తువైద్యుడు జాన్ డండీ దీని మీద ప్రయోగాలు చేశారు. ఆ తర్వాత పరీక్షలు చాలా జరిగాయి. 59 ప్రయోగాలను కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష, ఆపరేషన్ తర్వాతి వాంతుల్ని ఇది కొంత తగ్గిస్తుందని తేల్చింది. ఘాట్ రోడ్డు బస్సులో ప్రయత్నించి చూస్తే పోయేదేం లేదు.

బడిపిల్లల కంటి వ్యాయామానికి అంత బలమైన సాక్ష్యం దొరకలేదు. 2008లో దాన్ని సవరించి, మెడ వెనక బిందువును, చెవితమ్మెను నలపడాన్ని, కాలివేళ్లతో నేలను పట్టడాన్ని చేర్చారు. అయినా 2018 సర్వేలో చైనా పిల్లల్లో 53.6 శాతం మందికి హ్రస్వదృష్టి ఉన్నట్టు బయటపడింది. గ్వాంగ్‌జౌలో ఒక ప్రయోగం వేరే దారి చూపింది. రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి, మామూలుగా చదువుకున్నవాళ్లలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. నొక్కుడు కంటే ఎండే నయమన్నమాట.

వేళ్లతో నొక్కుకుంటే పెద్దగా నష్టం ఉండదు. గర్భిణులు మాత్రం బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న 'హగు'ను నొక్కకూడదని ఆ వైద్యులే చెబుతారు. మూలికల సంగతి అలా కాదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు, దానిని పోలిన పేరుతోనే ఉన్న విషపు మొక్క కలిసిపోయింది. సొంత వైద్యంలో భయపడాల్సింది ఇక్కడ, వేళ్ల దగ్గర కాదు.

ఇక నుమాయిష్‌లోనూ తిరనాళ్లలోనూ అమ్మే ముళ్ల చెప్పులు, చెక్క రోలర్లు, అరికాలి పటాలు. బొటనవేలు మెదడు, మడమ మరేదో అని రంగులు నింపిన ఆ పటాన్ని చైనాదే అనుకుంటాం. నిజానికి దాని పుట్టిల్లు అమెరికా. ఒళ్లంతా పది నిలువు పట్టీలని 1917లో పుస్తకం రాసిన డాక్టర్ విలియం ఫిట్జెరాల్డ్ దానికి బీజం వేశారు. 1930ల్లో యూనిస్ ఇంగమ్ ఆ పట్టీలను అరికాలికి దించి పటం గీశారు. తైవాన్‌లో దానికి జనాదరణ తెచ్చింది స్విట్జర్లాండ్ నుంచి వెళ్లిన క్రైస్తవ ఫాదర్ జోసెఫ్ ఒయ్‌గ్‌స్టర్. మోకాళ్ల నొప్పులతో బాధపడుతూ, ఓ యూరప్ నర్సు రాసిన పుస్తకం చూసి తన పాదాలు తానే నొక్కుకోవడం నేర్చుకున్నారాయన. తర్వాత ఊరివాళ్లకు నేర్పారు. చైనా భాషలో ఆయన పేరు వూ రువోషి. తైవాన్ మర్దన దుకాణాల్లో ఆ పద్ధతి 'ఫాదర్ వూ' పేరు మీదే నడుస్తోంది.